వెల్డింగ్ యంత్రం మీద ఉన్న ప్లేటును ఎవరూ చదవడం లేదు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి జిల్లాల్లో ఏ మండల కేంద్రానికి వెళ్లినా బస్టాండుకు అటో ఇటో రెండు మూడు వెల్డింగ్ షాపులు కనిపిస్తాయి. మిర్యాలగూడ రైస్ మిల్లుల ఎలివేటర్లకు అతుకులు వేసేదీ, సాగర్ ఆయకట్టులో నాట్లకు ముందు ట్రాక్టర్ల కేజ్‌వీల్స్ బాగుచేసేదీ, పాలమూరు పల్లెల్లో బోరు పైపులకు ఫ్లాంజీలు కట్టేదీ, ఇళ్ల గేట్లు, రేకుల షెడ్లు నిలబెట్టేదీ ఈ షాపులే. కొన్నేళ్ల కిందటి వరకు వీటిలో నలుగురు మోస్తే గాని కదలని ఆయిల్ ట్రాన్స్‌ఫార్మర్ సెట్లు మాత్రమే ఉండేవి. ఇప్పుడు వాటి పక్కన భుజానికి తగిలించుకొని పోగల ఇన్వర్టర్ యంత్రాలు చేరాయి, కొన్నిచోట్ల వైరుతో నడిచే మిగ్ యంత్రాలు కూడా వచ్చాయి. యంత్రాలు మారిన వేగంతో వాటిని నడిపే పద్ధతి మారలేదు. ప్రభుత్వ ఐటీఐలో వెల్డర్ ట్రేడు బోధించి ఉద్యోగ విరమణ చేసిన వాడిగా నేను ఈ లేఖలో అడిగేది ఒక్కటే: ప్రతి వెల్డింగ్ యంత్రం మీద అరచేయంత ఉండే రేటింగ్ ప్లేటులోని సంగతులు తెలుగులో రాసిన ఒక కాగితాన్ని అమ్మేవారు కొనేవారికి విధిగా ఇవ్వాలి, కొనేవారు దాన్ని చదివిన తర్వాతే డబ్బు చెల్లించాలి.

ఇది చిన్న కోరికలా కనిపించవచ్చు. కానీ మన షాపుల్లో కాలిపోతున్న యంత్రాలు, విరిగిపోతున్న అతుకులు, పల్లెల్లో మిణుకుమిణుకుమనే బల్బుల వెనుక ఉన్న కారణాల్లో ఎక్కువ భాగం ఆ ప్లేటు మీదనే అచ్చయి ఉంది. మిగిలింది నాబు ఎలా తిప్పాలో తెలియకపోవడం. దాని గురించీ రాస్తాను.

కొనుగోలు దగ్గరే పొరపాటు మొదలవుతుంది. దుకాణంలో యంత్రం ముందువైపు పెద్ద అక్షరాలతో 200 అనో 400 అనో ఒక అంకె రాసి ఉంటుంది, కొనేవారు దాన్నే చూస్తారు. 200 అని రాసిన రెండు యంత్రాలు పక్కపక్కనే ఉండి, ఒకటి రెండోదానికి సగం ధరకే వస్తుంటే, తక్కువ ధరది తీసుకోవడం సహజం. వెనుక ప్లేటు మీద ఎక్స్ అనే గుర్తు పక్కన ఒకదానికి 20 శాతం, మరొకదానికి 60 శాతం అని ఉంటుంది. దీన్ని డ్యూటీ సైకిల్ అంటారు. పది నిమిషాల్లో ఎన్ని నిమిషాలు ఆర్క్ (రాడ్డు కొనకూ లోహానికీ మధ్య మండే విద్యుత్ మెరుపు) వెలిగించవచ్చో అది చెబుతుంది: మొదటి యంత్రం 200 ఆంపియర్ల దగ్గర రెండు నిమిషాలు పనిచేసి ఎనిమిది నిమిషాలు చల్లబడాలి, రెండోది ఆరు నిమిషాలు పనిచేసి నాలుగు నిమిషాలు ఆగితే చాలు. దున్నిన కోడెలను మధ్యాహ్నం చెట్టు నీడకు విప్పినట్లే యంత్రానికీ విశ్రాంతి ఇవ్వాలన్న మాట. కరెంటు తగ్గించుకుంటే పని సమయం పెరుగుతుంది, అయితే అది కరెంటు వర్గానికి విలోమంగా పెరుగుతుంది కాబట్టి లెక్క వేసి చూడాలి. 4 మిల్లీమీటర్ల రాడ్డుకు 150 ఆంపియర్లు పెట్టామనుకుందాం. 20 శాతం యంత్రం పది నిమిషాల్లో మూడున్నర నిమిషాలే నడుస్తుంది. 60 శాతం యంత్రం అదే 150 దగ్గర ఆగకుండా రోజంతా నడుస్తుంది. మొదటి యంత్రాన్ని ఆగకుండా నడపాలంటే 90 ఆంపియర్లు దాటకూడదు, అంటే 2.5 మిల్లీమీటర్ల రాడ్డుతో గ్రిల్లు పని చేసుకోవడానికే అది తగినది.

గేట్లు, కిటికీలు చేసే షాపులో ఒక్క మనిషి వెల్డింగ్ చేస్తుంటే ఈ తేడా బయటపడకపోవచ్చు. రాడ్డు మార్చడం, అతుకు మీద పెచ్చుగా గట్టిపడే కిట్టం కొట్టడం, యాంగిల్ సరిచూడడం వంటి పనుల్లో సగానికి పైగా సమయం ఆర్క్ లేకుండానే గడిచిపోతుంది కాబట్టి యంత్రానికి కావలసిన విరామం దానంతట అదే దొరుకుతుంది. నాట్ల ముందు కేజ్‌వీల్స్ వరుసలో పడి ఉండి, ఇద్దరు వెల్డర్లు ఒకే యంత్రం మీద వంతులవారీగా హోల్డర్ అందుకుంటున్నప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. పైగా ప్లేటు మీది ఆ శాతం 40 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రత దగ్గర లెక్కగట్టినది. మే నెలలో నల్లగొండలో ఎండ 44, 45 డిగ్రీలకు చేరడం మనకు కొత్త కాదు, రేకుల షెడ్డు కింద అంతకంటే ఎక్కువే ఉంటుంది. కాబట్టి ఎండాకాలంలో ప్లేటు చెప్పినదానికంటే తక్కువే ఆశించాలి. యంత్రం వేడెక్కి పసుపు దీపం వెలిగినప్పుడు చాలామంది వెంటనే స్విచ్ ఆపేస్తారు. అది తప్పు. స్విచ్ ఆపితే లోపలి ఫ్యాను కూడా ఆగిపోయి వేడి లోపలే నిలుస్తుంది; హోల్డర్ పక్కన పెట్టి, యంత్రాన్ని నడవనిచ్చి, దీపం ఆరేదాకా ఆగడమే పద్ధతి. దీపం మాటిమాటికీ వెలుగుతోందని మెకానిక్‌తో థర్మోస్టాట్ వైర్లు కలిపించుకున్న షాపులను కూడా చూశాను. ఆ యంత్రాలు ఆ తర్వాత ఒక్క ఎండాకాలం గట్టెక్కితే అదృష్టమే.

సప్లై విషయం ఇంతకంటే ముఖ్యమైనది, ఎందుకంటే దాని నష్టం షాపు గోడలు దాటి ఊరి మీద పడుతుంది. ఆయిల్ ట్రాన్స్‌ఫార్మర్ సెట్‌ను రెండు ఫేజుల మధ్య 415 వోల్టులకు కలుపుతారు. దాని ఆర్క్ లేనప్పటి వోల్టేజీ సుమారు 75 అనుకుంటే, 150 ఆంపియర్లతో వెల్డింగ్ చేస్తున్నప్పుడు సప్లై లైనులో 27 ఆంపియర్లు ప్రవహిస్తాయి. అంటే లైను మీద పడే భారం 11 కేవీఏ (వోల్టులను ఆంపియర్లతో గుణించి వెయ్యితో భాగించిన లెక్క) దాటుతుంది. అదే సమయంలో ఆర్క్‌లో నిజంగా ఖర్చవుతున్నది 150 ఆంపియర్లు, 26 వోల్టులు, అంటే నాలుగు కిలోవాట్లకు కొంచెం తక్కువ. పవర్ ఫ్యాక్టర్ తక్కువ అని విద్యుత్ శాఖవారు అనేది దీన్నే: లైను మోస్తున్న భారంలో మూడో వంతే పనికి వస్తోంది. ఇప్పుడు వ్యవసాయ లైనుకు ఉండే 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌ను తలచుకోండి. అది ఒక్కో ఫేజుకు మోయగలిగేది 33 ఆంపియర్లు. అలాంటి ట్రాన్స్‌ఫార్మర్ మీద ఒక్క వెల్డింగ్ సెట్ 27 ఆంపియర్లు లాగితే రెండు ఫేజులు దాదాపు నిండిపోతాయి, మూడో ఫేజు ఖాళీగా ఉంటుంది, ఆ లైను మీద ఉన్న రైతుల మోటార్లకు మూడు ఫేజుల వోల్టేజీలు సమానంగా అందక వైండింగులు వేడెక్కుతాయి. రాడ్డు అంటించిన క్షణంలో కరెంటు ఇంకా ఎక్కువ ఉంటుంది. మోటారు కాలిన రైతు వైండింగ్ చేసినవాడిని తిడతాడు గాని, వీధి చివరి వెల్డింగ్ షాపు వైపు చూడడు. తగిన కెపాసిటర్‌ను సప్లై వైపు కలిపితే ఈ భారం బాగా తగ్గుతుంది. దాని పరిమాణం ఎంత ఉండాలో అర్హత గల ఎలక్ట్రీషియన్ చెప్పాలి. యంత్రం ఖాళీగా ఉన్నప్పుడు అతి పెద్ద కెపాసిటర్ కూడా మంచిది కాదు.

ఇన్వర్టర్ యంత్రాలు ఈ విషయంలో మేలే, కానీ వాటికీ ఒక భ్రమ అంటుకుంది. ఇంటి ప్లగ్గులో పెట్టుకొని వాడుకోవచ్చని చెప్పి అమ్ముతారు. ప్లేటు మీద సప్లై కరెంటుకు రెండు అంకెలుంటాయి: ఒకటి గరిష్ఠం, మరొకటి వైరునూ ఫ్యూజునూ ఎంచుకోవడానికి ఉపయోగపడేది. సింగిల్ ఫేజు మీద 100 ఆంపియర్లతో వెల్డింగ్ చేస్తే చాలా యంత్రాలు సప్లై నుంచి 17, 18 ఆంపియర్లు, 150 దగ్గర 28 ఆంపియర్ల దాకా తీసుకుంటాయి. మన ఇళ్లలో ఏసీకో గీజర్‌కో పెట్టే పెద్ద సాకెట్ 16 ఆంపియర్లది. సాకెట్ నల్లబడడం, ప్లగ్గు పిన్నులు కరగడం చూసి నాసిరకం సాకెట్ అనుకుంటారు, మార్చి మళ్లీ అదే పని చేస్తారు. డీజిల్ జనరేటర్ మీద పనిచేసేవారు కూడా ఈ లెక్కే చూసుకోవాలి: ఐదు కేవీఏ జనరేటర్ 100 ఆంపియర్ల పనికి సరిపోతుంది, 150 పెడితే ఇంజను గుక్క తిప్పుకోలేదు.

ఇక నాబు సంగతి. 3.15 మిల్లీమీటర్ల 6013 (మామూలు పనులకు వాడే రకం) రాడ్డుకు కరెంటు ఎంత పెట్టాలని అడిగితే మన కుర్రవాళ్లు ఒక అంకె చెప్పి ఊరుకుంటారు. రాడ్డు పెట్టె మీద 90 నుంచి 130 దాకానో, ఆ చుట్టుపక్కలో ఒక పరిధి ఉంటుంది, 2.5 రాడ్డుకు 60 నుంచి 90, 4 రాడ్డుకు 140 నుంచి 180. ఆ పరిధిలో ఎక్కడ నిలపాలో రేకు మందం, అతుకు ఆకారం, వెల్డింగ్ చేసే స్థితి నిర్ణయిస్తాయి. కింద పరిచిన ప్లేటుకు పెట్టిన కరెంటును నిలువు అతుకుకు, తల మీది అతుకుకు పది పదిహేను శాతం తగ్గించాలి, లేకపోతే కరిగిన లోహం జారిపోతుంది. 16 గేజీ స్క్వేర్ పైపు గోడ మందం 1.6 మిల్లీమీటర్లే కాబట్టి అక్కడ 3.15 రాడ్డు జోలికి పోకపోవడమే మంచిది.

డయల్ మీది అంకె ఆరంభానికి మాత్రమే ఆధారం. హ్యాండిల్ తిప్పే ఆయిల్ సెట్లో లోపలి కోరు (ఇనుప దిమ్మ) కదిలిన మేరకు ముల్లు కదులుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ మరలు వదులై ముల్లు ఒకటి చూపిస్తే కరెంటు ఇంకొకటి వస్తుంది. అంతేకాదు, ఆ స్కేలు సప్లై 415 వోల్టులు ఉన్నప్పుడే సరిపోతుంది. సాయంత్రం మోటార్లన్నీ నడుస్తూ వోల్టేజీ 360కి పడిపోయినప్పుడు 120 దగ్గర పెట్టిన ముల్లు 105 కూడా ఇవ్వదు. పొద్దున బాగా వచ్చిన అతుకు సాయంత్రం ఎందుకు రాలేదని రాడ్డును అనుమానించేవారికి కారణం అక్కడుంది. ఇన్వర్టర్లు కొంత హద్దు వరకు సప్లై తేడాను తామే సర్దుకుంటాయి.

అందుకే తరగతిలో నేను ఎప్పుడూ అంకెకంటే ముందు తుక్కు ముక్కను చేతికిచ్చేవాణ్ణి. అసలు పనికి ఎంత మందం ఉందో అంతే మందం ఉన్న ముక్క మీద రెండు అంగుళాల బీడు (రాడ్డు కరిగి పడే లోహపు గీత) వేసి, కిట్టం కొట్టి చూడాలి. కరెంటు తక్కువైతే రాడ్డు అంటుకుపోతుంది, బీడు తాడులా ఎత్తుగా పైనే కూర్చుంటుంది, అంచుల్లో కిట్టం ఇరుక్కుంటుంది. అలాంటి అతుకు చూడడానికి నిండుగా ఉండి యజమానికి నచ్చుతుంది గాని లోపల లోహం కలవదు. ట్రాలీ హుక్కు ఊడిపోయేది సాధారణంగా ఇలాంటి చోటే. కరెంటు ఎక్కువైతే బీడు పల్చగా పరుచుకుంటుంది, అంచుల వెంట గాడి పడుతుంది, చుట్టూ తుంపర్లు అతుక్కుంటాయి, రాడ్డు సగం కాలేసరికే మిగతా సగం ఎర్రబడి దాని పైపూత మందు పెచ్చులుగా రాలుతుంది. సరైన చోట ఆగని చిటపట వినిపిస్తుంది, బీడు మీది అలలు సమంగా పడతాయి, కిట్టం దెబ్బకు ఒక పట్టీగా లేస్తుంది. రాడ్డు కొనకూ లోహానికీ మధ్య దూరం రాడ్డు మందాన్ని మించకూడదు; దూరం పెంచితే వోల్టేజీ పెరిగి ఆర్క్ అటూ ఇటూ తిరుగుతుంది, గాలి చొరబడి బీడులో బుడగలు పడతాయి. చాలామంది కరెంటు ఎక్కువైందని నాబు తగ్గిస్తారు గాని, నిజానికి ఎక్కువైంది దూరం.

ఇన్వర్టర్ల మీద అదనంగా కనిపించే నాబులను అందరూ ఒక మూలకు తిప్పి వదిలేస్తారు. హాట్ స్టార్ట్ అంటే రాడ్డు అంటించిన తొలి క్షణం అదనపు కరెంటు ఇచ్చేది. మందపాటి చల్లని ప్లేటుకు అది కావాలి, పల్చని పైపుకు పెడితే మొదటి చుక్కలోనే రంధ్రం పడుతుంది. ఆర్క్ ఫోర్స్ అంటే రాడ్డు లోహానికి మరీ దగ్గరైనప్పుడు అంటుకోకుండా కరెంటును పైకి నెట్టేది. 7018 (బలం కావలసిన అతుకులకు వాడే రకం) రాడ్డుతో నిలువు అతుకు వేసేటప్పుడు పెంచుకోవాలి, 6013తో పల్చని పనికి తగ్గించుకోవాలి. ఇక ప్లస్, మైనస్ రంధ్రాలు. 6013 రాడ్డు ఎటు పెట్టినా కాలుతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. 7018కి మాత్రం హోల్డర్ ప్లస్‌కే కలపాలి. అతుకు లోతుకు దిగాలంటే హోల్డర్ ప్లస్‌కు, పల్చని రేకు కాలిపోకుండా ఉండాలంటే మైనస్‌కు అన్నది గుర్తుంచుకోదగిన సూత్రం. ప్లస్, మైనస్ తేడా లేని ఏసీ కరెంటు ఇచ్చే పాత ఆయిల్ సెట్ల మీద 7018 మాటిమాటికీ ఆరిపోతుంటే వెల్డర్‌ను తప్పుపట్టవద్దు. ఆ రాడ్డు ఏసీ మీద నిలవాలంటే ఆర్క్ లేనప్పటి వోల్టేజీ 70కి తగ్గకుండా ఉండాలి, అదీ ప్లేటు మీదే రాసి ఉంటుంది.

7018 పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. మిల్లు షాఫ్టులకు, బలం కావలసిన అతుకులకు ఆ రాడ్డే వాడాలని అందరికీ తెలుసు, దాన్ని ఎలా నిలవ చేయాలో మాత్రం తెలియదు. తేమ పీల్చిన 7018 రాడ్డు నుంచి హైడ్రోజన్ అతుకులోకి చేరి, వెల్డింగ్ చల్లారిన తర్వాత గంటలకో మర్నాటికో పగులు తెస్తుంది. దాన్ని 300 నుంచి 350 డిగ్రీల వేడిలో గంట నుంచి రెండు గంటలు ఓవెన్‌లో ఉంచాలి. ఎండలో పరిస్తే పోయే తేమ కాదు అది. ఓవెన్ లేని షాపు పెట్టె విప్పిన రోజే రాడ్లన్నీ వాడేసేంత చిన్న ప్యాకెట్టు కొనుక్కోవడం నయం. రైస్ మిల్లు బాయిలర్ పీడన భాగాలకైతే ఏ రాడ్డుతోనైనా సరే, అర్హతా పత్రం లేని వెల్డర్ చేయి వేయకూడదు.

మిగ్ యంత్రాల గురించి రెండు మాటలే రాస్తాను, అవి ఇంకా పెద్ద షాపులకే పరిమితం కాబట్టి. వాటిలో కరెంటుకు విడిగా నాబు ఉండదు. వైరు వేగం పెంచితే కరెంటు పెరుగుతుంది, వోల్టేజీ నాబు ఆర్క్ పొడవును నిర్ణయిస్తుంది. 120 ఆంపియర్లకు సుమారు 20 వోల్టుల దగ్గర మొదలుపెట్టి, రెండు నాబులను ఒకేసారి తిప్పకుండా ఒకదాన్ని స్థిరంగా ఉంచి రెండోదాన్ని సరిచేసుకోవాలి. షాపులో టేబుల్ ఫ్యాను నేరుగా పని మీదికి వీస్తుంటే కరిగిన లోహాన్ని గాలి నుంచి కాపాడే గ్యాసు కొట్టుకుపోయి అతుకు జల్లెడ అవుతుంది.

కేబుళ్ల దగ్గర జరిగే పొదుపును చూస్తే బాధ కలుగుతుంది. వేల రూపాయల యంత్రం కొని, రాగి కేబుల్ ఖరీదని సన్నని అల్యూమినియం కేబుల్ వేస్తారు. వెళ్లే దారీ వచ్చే దారీ కలిపి 50 మీటర్లు, 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ అయితే 150 ఆంపియర్ల దగ్గర పోయేది నాలుగు వోల్టుల లోపే. అదే మందం అల్యూమినియమైతే ఆరు వోల్టులు. ఆర్క్ వోల్టేజీ 26 మాత్రమే అయినప్పుడు ఆరు వోల్టులు చిన్న విషయం కాదు. దాదాపు 900 వాట్లు కేబుల్‌ను వేడి చేయడానికే పోతున్నాయి. అది చాలక ఎర్త్ క్లాంపుకు బదులు ఒక ఇనుప కడ్డీ ముక్కను పని మీద పడేసి, వదులుగా తగిలిన చోట నిప్పులు రాలుతుంటే కరెంటు తక్కువగా వస్తోందని నాబు పెంచుతారు.

ఆ క్లాంపును ఎక్కడ పెడుతున్నామో చూసుకోవడం ఇంకా అవసరం. అతుకు వేసే చోటికి వీలైనంత దగ్గరగా, రంగు గీకి, గట్టిగా పట్టించాలి. ట్రాక్టర్ మీద వెనుక అతుకు వేస్తూ క్లాంపు ముందు యాక్సిల్‌కు పెడితే 100 ఆంపియర్లకు పైగా కరెంటు బేరింగుల గుండా పోతుంది, బాల్స్ మీద సన్నని గుంటలు పడి కొన్నాళ్లకు బేరింగు అరుస్తుంది. బ్యాటరీ వైర్లు విప్పకపోతే ఆల్టర్నేటర్ కూడా చెడుతుంది. మా వైపు ఒక మిల్లులో క్లాంపును భవనం స్తంభానికి పెట్టి పైన ఎలివేటర్‌కు అతుకు వేస్తుంటే, ఆ కరెంటు వేరే దారి దొరక్క మోటారుకు ఉన్న సన్నని ఎర్త్ వైరు గుండా తిరిగి వచ్చి దాన్ని కాల్చేసింది. ఆ పూట ఎవరికీ ఏమీ కాలేదు గాని, ఎర్త్ లేని మోటారు అలాగే నడిచింది. మిల్లుల్లో ఊక గురించి కూడా గుర్తుచేయాలి. నిప్పురవ్వలు 35 అడుగుల దాకా ఎగిరిపడతాయి. ఊకలో పడిన రవ్వ మంటగా లేవకుండా లోలోపల గంటల తరబడి రగులుతుంది. పని అయిన తర్వాత ఒక మనిషి అక్కడ కాపలా ఉండాలి, టీ తాగడానికి అందరూ కలిసి వెళ్లిపోకూడదు.

మనిషి ప్రాణానికి సంబంధించిన అంకె కూడా ఆ ప్లేటు మీదే ఉంది. యు పక్కన చిన్న సున్నా వేసి రాసేది ఆర్క్ లేనప్పటి వోల్టేజీ. సాధారణ చోట ఏసీ యంత్రానికి అది 80 దాటకూడదన్నది అంతర్జాతీయ ప్రమాణం. నీళ్ల ట్యాంకరు లోపల, తడి నేల మీద, నాలుగు వైపులా ఇనుము ఆవరించిన చోట చేసే పనికి 48 వోల్టులకు మించకూడదు. అలాంటి చోట వాడదగిన యంత్రానికి చదరపు గీతలో ఎస్ అనే అక్షరం ఉంటుంది. మన ఆయిల్ సెట్లలో ఎక్కువ వాటికి ఆ గుర్తు ఉండదు, అయినా వాటితోనే ట్యాంకర్లలోకి దిగుతున్నారు. 75 వోల్టులు ఏం చేస్తాయిలే అన్న మాట చాలాసార్లు విన్నాను. చెమటకు తడిసిన చేతి తొడుగులతో, చొక్కా లేకుండా ఇనుము మీద కూర్చున్న మనిషికి ఆ 75 చాలు. రాడ్డు మార్చేటప్పుడు హోల్డర్‌ను చంకలో పెట్టుకునే అలవాటును మాన్పించడానికి నేను పడిన పాటు ఇంకే విషయంలోనూ పడలేదు. కరెంటు ఆ దారిలో నేరుగా గుండె పక్క నుంచి పోతుంది. డీజిల్ డ్రమ్ములు, పురుగుమందు డబ్బాలు ఖాళీవే కదా అని అతుకు వేయడం గురించి వేరుగా చెప్పనక్కరలేదు. మండే పదార్థం ఉన్న పాత్రను శుభ్రం చేయకుండా వెల్డింగ్ చేయరాదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు.

కళ్ల విషయం అందరికీ తెలిసినదే, అయినా షాపుల్లో ఇప్పటికీ నల్ల కళ్లజోడు పెట్టుకొని, మరికొన్ని చోట్ల తల పక్కకు తిప్పుకొని టాక్ (ముక్కలను నిలపడానికి వేసే చుక్క అతుకు) వేస్తున్నారు. 100 నుంచి 200 ఆంపియర్ల పనికి 10 లేదా 11 నంబరు అద్దం ఉన్న షీల్డు కావాలి. అతినీలలోహిత కిరణాలకు కంటిపొర కమిలితే నొప్పి వెంటనే తెలియదు, రాత్రి పడుకున్న తర్వాత కళ్లలో ఇసుక పోసినట్లవుతుంది. అప్పుడు తల్లిపాలు వేయించడం, బంగాళదుంప ముక్కలు కట్టడం పల్లెల్లో ఇంకా జరుగుతోంది. వాటివల్ల కంటికి సూక్ష్మక్రిములు సోకే ప్రమాదం ఉంది, కంటి వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. పొగను కూడా తేలిగ్గా తీసుకోకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2017లో వెల్డింగ్ పొగను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. జీఐ పైపుల మీద జింకు పూత గీకకుండా అతుకు వేస్తే ఆ సాయంత్రానికే చలిజ్వరం వస్తుంది.

వీటన్నిటికీ కుర్రవాళ్లను నిందించడం నాకు ఇష్టం లేదు. ఐటీఐలో వెల్డర్ ట్రేడు ఏడాది కోర్సు. ఎనిమిదో తరగతి చదివినవారు చేరవచ్చు. కానీ మన షాపుల్లో పనిచేసేవారిలో ఎక్కువమంది అటువైపు రానివారే, మేస్త్రీ పక్కన కూర్చొని నేర్చుకున్నవారే. వారి చేతి పనితనం చాలాసార్లు మా విద్యార్థులకంటే మెరుగ్గా ఉంటుందని ఒప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. వారికి లేనిది యంత్రం తన గురించి తాను చెబుతున్నది తెలుసుకునే వీలు. యంత్రంతో వచ్చే పుస్తకం ఇంగ్లిషులోనో చైనా భాషలోనో ఉంటుంది, అట్టపెట్టెతో పాటు బయటికి పోతుంది. దాన్ని తెలుగులో ఒక్క పేజీకి కుదించడం అమ్మేవారికి పెద్ద ఖర్చు కాదు: ఏ రాడ్డుకు ఈ యంత్రం ఎంతసేపు, ఏ వైరు, ఏ ఫ్యూజు, ఎంత కేవీఏ, ట్యాంకు లోపల వాడవచ్చా లేదా. పరిశ్రమల శాఖ జిల్లా కార్యాలయాలు రాయితీ రుణాల మీద యంత్రాలు ఇప్పించేటప్పుడు ఆ పేజీ లేని బిల్లును అంగీకరించకుండా ఉంటే మిగతా దుకాణాలు వాటంతట అవే దారికి వస్తాయని నా నమ్మకం.

2024లో మన రాష్ట్రంలోని 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలైంది. కొత్త యంత్రాలు రావడం సంతోషమే. ఆ ప్రాంగణాల్లోనే నెలకు ఒక ఆదివారం చుట్టుపక్కల షాపులవారు తమ సొంత యంత్రాలను తెచ్చుకొని పరీక్షించుకునే వీలు కల్పించాలని ఉపాధి, శిక్షణ శాఖ అధికారులను కోరుతున్నాను. దానికి కొత్త గది గాని కొత్త పోస్టు గాని అక్కరలేదు.

ప్లేటు ఊడిపోయిన, రంగు పూసి కప్పేసిన పాత ఆయిల్ సెట్ల మాటేమిటని కొందరు అడగవచ్చు. వాటి అంకెలను మళ్లీ రాబట్టడం కష్టమేమీ కాదు. మల్టీమీటరును హోల్డర్‌కూ క్లాంపుకూ పెడితే ఆర్క్ లేనప్పటి వోల్టేజీ తెలుస్తుంది. ఒకరు తుక్కు ప్లేటు మీద బీడు వేస్తుంటే రెండోవారు టాంగ్ టెస్టర్‌తో (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే మీటరు) హోల్డర్ కేబుల్‌లోని కరెంటు, సప్లై వైరులోని కరెంటు చదవాలి. హ్యాండిల్‌ను నాలుగైదు చోట్ల నిలిపి ఇలా చదివితే ముల్లు ఎక్కడున్నప్పుడు నిజంగా ఎంత వస్తోందో బయటపడుతుంది. ఆ రోజు సప్లై వోల్టేజీ ఎంతో కూడా పక్కన రాసుకోవాలి. డ్యూటీ సైకిల్ మాత్రం ఇలా తేలదు. వాటిని నూనె వేడి చూసుకుంటూనే నడపాలి. తేలిన అంకెలను యంత్రం పక్కభాగాన తెల్ల రంగుతో తెలుగులో రాసుకోమని షాపుల యజమానులకు నా మనవి. నల్లగొండ చుట్టుపక్కల ఎవరైనా పిలిస్తే నా మీటర్లు తీసుకొని వచ్చి చేసి పెడతాను.

ఇట్లు,
విశ్రాంత వెల్డింగ్ శిక్షకుడు,
నల్లగొండ.